నొప్పిబిళ్ళ

ఆ రోజుల్లో ఊరందరికీ చెవి వెనక, చర్మం కింద నొప్పిబిళ్ళ ఉండేది. అది పెట్టించుకున్నాక ఇక ఏ నొప్పీ తెలిసేది కాదు. భీమవరం దగ్గర రొయ్యలు ఒలిచే వీరవేణి మాత్రం దానికి భయపడి ఊరుకుంది. కడుపునొప్పికి చూపించుకుంటే, ఆమె పిత్తాశయంలో రాళ్ళున్నాయని, ఆపరేషన్ చేసి తీసేయాలని డాక్టరమ్మ చెప్పినప్పుడు భర్త గంగరాజు అడ్డుపడ్డాడు.

"కోతలెందుకే? బిళ్ళెట్టించుకో. రేపే పన్లోకెళ్ళిపోవచ్చు."

ఆమె పెట్టించుకుంది. రెండేళ్ళు హాయిగా పనికి వెళ్ళింది. ఒక శనివారం చలిజ్వరంతో వణుకుతూనే అన్నం వార్చింది. కళ్ళు పచ్చగా ఉన్నాయి.

"నొప్పేమన్నా ఉందేంటే?" అన్నాడు గంగరాజు.

"అబ్బే, ఏం లేదు."

అతను నిశ్చింతగా భోంచేశాడు.

సోమవారం ఆమె రొయ్యల బల్ల దగ్గరే కూలబడింది. ఆసుపత్రిలో డాక్టరమ్మ గంగరాజును పక్కకు పిలిచింది.

"రాయి జారి పైత్యరసం పోయే దారికి అడ్డుపడిందయ్యా. లోపల చీముపట్టి, ఆ విషం రక్తంలోకి పాకింది. నొప్పి తెలిసుంటే మొదటిరోజే పరుగెత్తుకొచ్చేవారు. ఇప్పుడు నా చేతుల్లో ఏం లేదు."

గంగరాజు మంచం దగ్గరికి వచ్చాడు. పసుపు పూసినట్టున్న ముఖంతో వీరవేణి నవ్వింది.

"ఏంటయ్యా ఆ మొకం? నాకేం నొప్పి లేదుగా. ఆ రోజు నీ మాటినబట్టే ఇంత సుఖంగా ఉన్నాను."

గంగరాజు నిజం చెప్పలేకపోయాడు. మధ్యాహ్నం ఆమె కన్నుమూసేదాకా "అవునే, అవునే" అంటూ చెయ్యి నిమురుతూనే ఉన్నాడు.