వరహాలమ్మ ఖాళీ గిన్నె

వరహాలమ్మ కాచిన పాలు చల్లారబెడుతోంది. నేను మనుషుల అవసరాలు కనిపెట్టే ఇళ్లను తయారుచేసే ఇంజినీర్ల సంఘం పత్రికకు రాయడానికి వచ్చి, గడప పక్కన కూర్చున్నాను. ఇప్పుడు ఏ ఊళ్లోనైనా ఇల్లే మనిషి మాట విని, కావలసినవి తెప్పిస్తుంది. ఈ ఇంట్లో మాత్రం తోడు పెరుగు రోజూ మాయమవుతోంది. పత్రికలో కారణం రాస్తే, ఆ లోటు మళ్లీ రాకుండా అన్ని ఇళ్లూ దిద్దుకుంటాయి.

"నీకేం లోటు పెద్దమ్మా?"

"నాకేటి లోటే పిల్లా? దగ్గు రాకముందే మందొచ్చేస్తాది."

"మరి పెరుగు?"

ఆమె గోడల వైపు చూసి, నోటికి వేలు అడ్డం పెట్టింది. ఉన్న పెరుగంతా కుక్క పళ్లెంలో వేసి గిన్నె కడిగింది.

"పెరుగు అయిపోయిందా అమ్మా?" అని ఇల్లు అడిగింది.

"ఉందిలే. నీ పని చూసుకో."

ఎదురింటి అరుగు మీద పైడమ్మ రెండో పీట వేస్తూ కిటికీలోంచి కనబడింది. చుక్క పెరుగైనా అడగాల్సిన అవసరం లేకపోతే వరహాలమ్మకు ఆ అరుగెక్కే సాకుండదు.

'కారణం తెలియలేదు' అని రాసి ఆమెకు చూపించాను. కూడబలుక్కుని చదివింది. నా తల నిమిరి, ఖాళీ గిన్నె కొంగు చాటున పెట్టుకుని గడప దాటింది.