హుస్సేన్ బీకి రెండు నిమిషాల మౌనం

ఓర్వకల్లులో ముప్పై ఏళ్లుగా స్థలాలు చూపించి అమ్మించే హుస్సేన్ బీ, చదువు రాక నోటితో చెప్పి రాయిస్తున్న మాటలివి.

మొన్న మా రియల్ ఎస్టేట్ ఏజెంట్ల సంఘం సమావేశంలో, చనిపోయిన సభ్యురాలి కోసం రెండు నిమిషాలు మౌనంగా నిలబడమన్నారు. మోకాళ్లు పట్టేసినా నిలబడ్డాను. నిలబడి పక్కాయనను అడిగాను.

“ఎవరప్పా పోయింది?”

“నువ్వేనవ్వా. లిస్టులో ఉండాది.”

అధ్యక్షుడు భూపేష్ బల్ల దగ్గరికి పోయాను.

“ఏమప్పా, నన్నెప్పుడు పూడ్చినారు?”

“జనవరిలో సంఘం కార్డు మార్పించుకోలేదు గదవ్వా. పోయినావనుకుని ఇప్పుడు లిస్టులో ఆ తేదీనే రాసినాము. మళ్లొచ్చే ఏడాది మీటింగు దాకా నీ పేరు కొట్టేసేకి కుదర్దు.”

కొత్త కార్డు లేనిదే ఇకమీద ఏ వెంచర్ గేటూ దాటనివ్వరు. ఏడాది పాటు నేనేం తినాలి?

“సరే, జనవరిలోనే సచ్చినా. మార్చిలో మన సంఘం ఎలక్షన్లో నువ్వు ఒక్క ఓటుతో గెలిస్తివి. ఆ పొద్దు ఓటేసినోళ్ల పుస్తకంలో నా ఏలిముద్ర ఉండాది. సచ్చినోళ్ల ఓటు చెల్లుతాదా? అందరినీ అడుగుదామా?”

“గట్టిగా అరవద్దవ్వా!” అంటూ భూపేష్ తానే పెన్ను తీసి నన్ను బతికించాడు. కార్డు ఇచ్చాడు, టీ తెప్పించాడు.

“నూరేండ్లుండవ్వా. నీ ఓటు మర్చిపోను” అని నా చేతులు పట్టుకున్నాడు.

ఈ కింది మాట మాత్రం అతనికి చదివి వినిపించొద్దు. ఆ రోజు నేను ఓటు వేసింది అతని మీద పోటీ చేసినవాడికి.