జొమ్‌రేకు పడిన ఓటు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. కొరియాలోని ఇంచోన్ రేవు మీద సన్నని జల్లు, గాలి లేదు. నూలుమిల్లు గేటు దగ్గర, రాత్రి పని ముగించిన ఆడపిల్లలు తడుస్తూనే ఒకే పేరు అరుస్తున్నారు.

“జొమ్‌రే, జొమ్‌రే.”

ఆ పేరు వినబడిన ప్రతిసారీ, మిల్లులో అందరూ ఓక్‌జీ అని పిలిచే ఆమె కడుపులో మంట రేగింది.

ఆ మిల్లులో పదిమందికి తొమ్మిదిమంది ఆడవాళ్లు. కార్మిక సంఘానికి అధ్యక్షుడు మాత్రం ఎప్పుడూ మగవాడే. ఆ మధ్యాహ్నం జరిగే ఎన్నికలో మొదటిసారి ఒక స్త్రీ నిలబడింది. జొమ్‌రేది ఓక్‌జీ ఊరే, ఓక్‌జీ గదే. వయసులో ఓక్‌జీ కంటె చిన్నది. ఈర్ష్యకు అందులో ఏ ఒక్కటైనా చాలు, మూడూ కలిశాయి.

జొమ్‌రే తడిసిన జడ పిండుకుంటూ వచ్చింది. “అక్కా, నీ ఓటు నాకేగా?”

“ముక్కు తుడుచుకోవడం నేను నేర్పితే నేర్చినదానివి. ఇప్పుడు నాకే నాయకురాలివా?”

“అందుకేగా, ముక్కు శుభ్రంగా పెట్టుకుని మరీ నిలబడ్డాను.”

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఓక్‌జీ నవ్వలేదు. నేరుగా సూపర్‌వైజరు గదికి నడిచింది.

ఆమె దగ్గర ఒక మాట ఉంది: జొమ్‌రే అసలు పేరు జొమ్‌రే కాదు. వయసు చాలని పిల్లలు పెద్దవాళ్ల పేర్లతో పనిలో చేరడం, ఆ పెద్దవాళ్లు తరువాత వస్తే ఇంకొకరి పేరు వెతుక్కోవడం అక్కడ మామూలే. పట్టుబడితే మాత్రం పని పోతుంది. ఆ మాట బయటపెడితే జొమ్‌రే పోటీ అక్కడితో సరి.

“కూర్చో ఓక్‌జీ,” అన్నాడు సూపర్‌వైజరు చో. “కోడిపెట్ట కూస్తే కొంప కూలుతుందని ఊరికే అన్నారా? జొమ్‌రే అట, జొమ్‌రే. పేరే పేడతట్టలా ఉంది. అలాంటి పేరున్నది మా ఎదుట కూర్చుని జీతాలు మాట్లాడుతుందా? ఒకే గదిలో ఉంటారుగా, దాని గుట్టేదైనా తెలిస్తే చెప్పు.”

ఓక్‌జీ చెవులు ఎర్రబడ్డాయి.

“నిద్రలో పళ్లు కొరుకుతుంది,” అంది. “అంతకు మించి నాకు తెలియదు.”

మధ్యాహ్నం ఓటు చీటీ మీద ‘జొమ్‌రే’ అని గట్టిగా వత్తి రాసింది. ఈర్ష్య ఏమీ తగ్గలేదు. జొమ్‌రే గెలిచింది.

ఏళ్లు గడిచాక సంఘం సొంత భవనం కట్టుకుంది. దాని గోడ మీద తొలి అధ్యక్షురాలిగా చెక్కి ఉన్నది, మిల్లులో చేరడానికి ఓక్‌జీ ఒకప్పుడు ఆ చెల్లెలికి అరువిచ్చిన తన సొంత పేరు, జొమ్‌రే.