గంగాదేవి తాలూకు

"అమ్మా..."

ఆకుపచ్చ తెర వెనక నుంచి మూలుగు. గవర్నర్‌పేటలోని ఆ చిన్న ఆసుపత్రి వరండాలో మగవాళ్ళందరూ నేల చూపులు చూశారు.

తెర పక్కనే కూర్చున్న నీలం చొక్కా ఆయనకు లోపలి మాటలు తేటగా వినిపిస్తున్నాయి.

"గర్భసంచికీ, ట్యూబులకీ ఇన్‌ఫెక్షన్ పాకిందమ్మా. ఈ జ్వరం, పొత్తికడుపులో పోటు అందుకే. అశ్రద్ధ చేస్తే పిల్లలు పుట్టడం కష్టం. చీము పట్టి పగిలితే ప్రాణానికే ముప్పు." డాక్టరమ్మ గొంతు.

"నేనే తప్పూ చెయ్యలేదండీ!"

"తప్పని ఎవరన్నారు? మందులకు తగ్గుతుంది. కానీ మీ ఆయనా వాడాలి. లేకపోతే మళ్ళీ నీకే అంటుకుంటుంది. వచ్చాడా?"

"వచ్చారండీ. బయటున్నారు."

"ఆయన పేరేంటి?" నర్సు రూతు అడిగింది.

"ఆయన పేరు నేనెట్టా చెప్పనక్కా?"

"చెబితే ఆయన ఆయుష్షు తగ్గిపోద్దా ఏంటి?"

"తగ్గుద్దనే అంటారక్కా, మా వైపు."

నీలం చొక్కా ఆయన నుదుట చెమట పట్టింది.

రూతు తెర తొలగించింది. "గంగాదేవి తాలూకు ఎవరండీ?"

ఎవరూ లేవలేదు.

"మొగుడుగారూ! సూది లేదండీ, బిళ్ళలే!"

ఎవరూ నవ్వలేదు. రూతు విసుక్కుంటూ లోపలికి వెళ్ళింది.

మంగళగిరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన పళ్ళు కొరికాడు. "జబ్బు పెళ్ళానిదీ, భయం మొగుడిదీనా? ఇట్టాంటోణ్ణి బ్యారేజీ మీంచి తోసెయ్యాల."

"తోసెయ్యాలండీ," అన్నాడు నీలం చొక్కా ఆయన, చెమట తుడుచుకుంటూ. "పాపం, ఆవిడెంత బెదిరిపోయిందో!"

"మీరెవరి కోసం బాబూ?"

"మా చెల్లెలండీ. స్కానింగుకెళ్ళింది."

తెర మళ్ళీ కదిలింది. గోడ పట్టుకుని గంగాదేవి వచ్చింది. పెదవులు ఎండిపోయాయి. కళ్ళు వెతుకుతున్నాయి.

"ఏమండీ..."

అలవాటుకొద్దీ నలుగురు తలలు తిప్పారు. తమ ఇంటి గొంతు కాదని తెలిసి మళ్ళీ దించుకున్నారు. నీలం చొక్కా ఆయన మాత్రం తన చెప్పులే చూసుకుంటున్నాడు.

"ఏమండీ!"

ఈసారి ఎవరూ కదల్లేదు.

గంగాదేవి పొత్తికడుపు అదిమిపట్టుకుంది. అడుగులో అడుగు వేసింది. నీలం చొక్కా ఆయన ఎదుట ఆగి, మెడలో తాళి పడ్డనాటి నుంచి తన నోట రాని మాటను వరండా అంతా వినేలా పలికింది: "కాశీరావూ!"