రోజుకు రెండుసార్లు

"పొట్ట ఇంత గట్టిగా ఉంటే ఇంత ఆలస్యంగా తెచ్చారేంటమ్మా?" డాక్టర్ వసుమతి గొంతు పెరిగింది.

అమీర్‌పేటలో ఆ పిల్లల క్లినిక్ బల్లమీద మూడు నెలల చింటు గుక్కపట్టి ఏడుస్తున్నాడు. పక్కన నాయనమ్మ చంద్రమ్మ వాణ్ని జోకొడుతోంది. కోడలు మళ్లీ ఆఫీసుకు వెళ్లడం మొదలుపెట్టి పది రోజులు. అప్పట్నుంచీ వాడికి డబ్బా పాలే గతి, నాయనమ్మే దిక్కు.

ఆ పాలు పడుతున్నాయో లేదో పసివాడు చెప్పలేడు కదా! డాక్టరమ్మ ప్రశ్నల కాగితం ముందుకు లాక్కుంది.

"గది గాదమ్మా, మొన్నసంది ఈడు..."

"అడిగినదానికి చెప్పండి. బయట ఇరవైమంది ఉన్నారు. పాలు కక్కుతున్నాడా?"

"జరంత కక్కుతడు."

"బయటికి వెళ్తున్నాడా?"

"రోజు పోతడు. రెండుసార్లు. పొద్దుగాల ఒకసారి, పొద్దుమీకి ఒకసారి."

"అప్పుడు ఏడుస్తాడా?"

"అయ్యో, అప్పుడే మస్తు ఖుషీగుంటడు!"

వసుమతి కలం ఆగింది. పేగులో అడ్డమేమోనని ఆమె భయం. సోమాజిగూడలో పెద్దాసుపత్రికి రాద్దామని చీటీ కూడా తీసింది. కానీ అడ్డముంటే రోజూ రెండుసార్లు ఎలా వెళ్తాడు?

"నా మనుమనికి ఏమన్న అయితదా డాక్టరమ్మా? కోడలికి ఏ మొకం జూపియ్యాలె?" చంద్రమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏం కాదు. గ్యాస్ అయ్యుంటుంది. చుక్కల మందు రాస్తాను, రెండు రోజులు చూడండి." చీటీ చించి బుట్టలో పడేసింది.

చంద్రమ్మకు పోయిన ప్రాణం లేచొచ్చింది. దండం పెట్టి, పిల్లాణ్ని భుజాన వేసుకుని గుమ్మందాకా వెళ్లింది. డాక్టరమ్మకు మాత్రం మనసొప్పలేదు. కాగితంలో ఒక గడి ఇంకా ఖాళీగానే ఉంది.

"ఆగండమ్మా! బయటికి వెళ్లినప్పుడు ఏ రంగు?"

"పసుపు రంగు టోపీ అమ్మా. గాలి తగలొద్దని గదే పెట్టి, ఎత్తుకోని మా గల్లంత తిప్పుకొస్త."

వసుమతి కుర్చీలోంచి లేచిపోయింది. "నేనడిగింది దొడ్డికి వెళ్తున్నాడా అని!"

"దొడ్డికా? గదైతే ఆరు దినాలాయె."