రెండు రింగుల గుర్తు

నంద్యాలలో మద్దిలేటికి, ఆళ్లగడ్డలో ఓబులేసుకు చెరో ఇంటర్నెట్ సెంటర్. రెండింటిలోనూ మూలపడాల్సిన కంప్యూటర్లే. వాటిని నడిపిస్తున్నది లైనక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఒక బుల్లి రకం. దాని కొత్త వెర్షన్ రాకుంటే ఇక షాపులు మూసుకోవాల్సిందే. అందుకే ఇద్దరూ కళ్లు కాయలు కాసేలా ఎదురుచూస్తున్నారు. అది విడుదలైనట్టు ముందు చూసినవాడు రెండోవాడి షాపుకు ఫోన్ చేసి, రెండు రింగులు మోగాక పెట్టేయాలి. ఎత్తితే బిల్లు పడుతుంది. ఆ గుర్తు వాళ్లిద్దరికే తెలుసు.

ఆ రాత్రి నంద్యాల షాపులో ఫోన్ రెండుసార్లు మోగి ఆగిపోయింది.

"వచ్చేసింది! ఓబులేసు కొట్టినాడు!" అంటూ మద్దిలేటి సంబరంగా పక్కకు తిరిగాడు. సాయంత్రం బస్సుకు వచ్చిన ఓబులేసు పక్క కుర్చీలోనే ఉన్నాడు.

మద్దిలేటి నవ్వు ఆగిపోయింది. "నువ్వు ఈడుంటే, ఆడ ఎవురున్నారప్పా?"

"ఎవురూ లేరన్నా. నేనే బీగమేసి వచ్చినా." ఓబులేసు జేబులోంచి బీగంచెవి తీసి చూపించాడు.

ఫోన్ మీది చిన్న తెరలో కనబడుతున్నది మాత్రం ఆళ్లగడ్డ షాపు నంబరే.

మద్దిలేటి నెట్ కలిపాడు. మోడెం కీచుమని అరిచి సద్దుమణిగింది. కొత్త వెర్షన్ నిజంగానే వచ్చి ఉంది. ఇద్దరిలో ఎవరికీ సంతోషం కలగలేదు. ఆళ్లగడ్డకు ఫోన్ చేద్దామని మద్దిలేటి నెట్ తీసేసి లైను ఖాళీ చేశాడు. రిసీవర్ మీద చెయ్యి పడేలోపే ఫోన్ మోగింది. మళ్లీ మోగింది. ఇంకోసారి కూడా మోగి, ఆగింది. తెరలో అదే ఆళ్లగడ్డ నంబరు.

"మూడంటే ఏందన్నా?" ఓబులేసు కుర్చీలోంచి లేచాడు.

"మూడుకు మనమేమీ అనుకోలేదప్పా."