దొరసాని కాన్పు

గుర్రాల ఫారం వెనక గేటు దగ్గర ఎవరో గుర్రంతో వచ్చి నిలబడ్డారని వాచ్‌మన్ చెప్పేసరికి మేనేజరుకి చిర్రెత్తుకొచ్చింది.

అసలే ఆ రోజు దొరసాని ఈనబోతోంది.

దొరసాని అంటే అల్లాటప్పా గుర్రం కాదు. అది పందెంలోకి దిగిందంటే మిగతా గుర్రాలు రెండో స్థానం కోసం కొట్టుకోవలసిందే. పరుగు మానేశాక అది కన్న పిల్లలూ తల్లి పేరు నిలబెట్టాయి. అవి గెలిచిన రోజుల్లో తీసిన ఫొటోలతో ఆఫీసు గోడ మీద మేకు కొట్టే చోటు కూడా మిగల్లేదు.

ఇప్పుడు దానికి వయసు మీద పడింది. ఇదే ఆఖరి కాన్పని కొత్తగా వచ్చిన డాక్టరు తేల్చేశాడు.

మేనేజరు ఉద్యోగానికి కొత్త. పాత మేనేజరు తన మనుషులందరినీ వెంటపెట్టుకుని వేరే చోటికి వెళ్ళిపోయాడు. యజమాని గుండె ఆపరేషనై ఆస్పత్రిలో ఉన్నాడు. దొరసాని పిల్ల నిలబడితే మేనేజరు ఉద్యోగం నిలబడుతుంది. లేకపోతే మళ్ళీ ఊరు మీద పడి పని వెతుక్కోవాలి.

గేటు బయట ఒక బండివాడున్నాడు. తలనిండా ఇటుకల దుమ్ము. చేతిలో పగ్గం, ఆ చివర గోధుమరంగు ఆడగుర్రం. బండి లాగీ లాగీ దాని భుజాలు కాయలు కాచాయి.

"ఏం కావాలి?"

"పెద్దయ్యగారు లేరాండీ?"

"ఆస్పత్రిలో ఉన్నారు. ఏదున్నా నాతో చెప్పు."

బండివాడు కాసేపు నసిగాడు.

"దొరసాని ఈనిందాండీ?"

"ఈనితే నీకెందుకు, ఈనకపోతే నీకెందుకు?"

"దీన్ని లోపల కట్టేసి పోతానండీ. పెద్దయ్యగారికి తెలుసు."

"ఏం తెలుసు?"

"అది ఎవరికీ చెప్పొద్దన్నారండీ."

మేనేజరు పెద్దగా నవ్వాడు.

"ఇదేమన్నా సత్రమనుకున్నావా? లోపలున్నవి జాతి గుర్రాలు. నీ గుర్రం దగ్గిందంటే వాటికి లేనిపోని రోగాలు అంటుకుంటాయి."

"దీనికే రోగమూ లేదండీ."

"దానికి లేకపోతే నీకుందేమో. నడు, నడు!"

బండివాడు పగ్గం తిప్పాడు. గుర్రం మాత్రం తిరగనంది. లాయం వైపే మెడ సాచి మొరాయించింది. గట్టిగా అదిలిస్తే గాని కదల్లేదు.

'యజమానికి తగ్గ గుర్రం' అనుకున్నాడు మేనేజరు.

మధ్యాహ్నం దొరసాని ఈనింది. ఆడపిల్ల. నుదుట తెల్లమచ్చ, బారెడు కాళ్ళు. అచ్చు తల్లే అన్నారందరూ. మేనేజరు మనసు గాల్లో తేలిపోయింది.

ఆ సంబరం ఎంతోసేపు లేదు. పిల్ల తడబడుతూ లేచి పొదుగు దగ్గరికి వెళ్ళగానే దొరసాని కాలు ఝాడించింది. మళ్ళీ వెళ్తే కరిచింది. కాళ్ళకి బంధం వేసి చూశారు. అది బంధాలు తెంపుకుని అందరికీ చుక్కలు చూపించింది.

"వయసుడిగి మతి పోయినట్టుంది దీనికి," అన్నాడు మేనేజరు.

డాక్టరు సీసాతో పాలు పట్టాడు. పిల్ల సగం మింగి సగం కార్చేసింది.

"సీసా పాలతో బతికితే బతకొచ్చు. పరుగుకి పనికొస్తుందని మాత్రం నేను మాటివ్వలేను," అన్నాడు డాక్టరు. "కొత్తగా ఈనిన గుర్రం ఎక్కడైనా ఉంటే వెంటనే పట్టుకురండి. దాని పాలు అలవాటు చేద్దాం."

మేనేజరుకి చప్పున గుర్తొచ్చింది. పొద్దున చూసిన గోధుమరంగు గుర్రానికి పొదుగు నిండుగా ఉంది. చూస్తూ చూస్తూ వెళ్ళగొట్టాడు.

జీపు తీసి ఇటుకల బట్టీలన్నీ గాలించాడు. కనిపించిన ప్రతివాణ్ణీ అడిగాడు. ఎండ తగ్గే వేళకి ఒక బట్టీ వెనక రేకుల కొట్టం దొరికింది.

కొట్టంలో ఆ గుర్రం అరమోడ్పు కళ్ళతో నిలబడి ఉంది. దాని పొట్ట కింద తల దూర్చి బక్కపిల్ల ఒకటి పాలు తాగుతోంది. బండివాడూ అతని భార్యా గడప దగ్గర కూర్చుని దాన్నే చూస్తున్నారు.

"అన్నా," అన్నాడు మేనేజరు. పొద్దుటి గీర ఏమైందో మరి. "నాదే పొరపాటు. గుర్రాన్ని తీసుకురా. దొరసాని పిల్లని దగ్గరికి రానివ్వడంలేదు."

"నేనొచ్చింది అందుకేనండీ."

"అయితే పద."

"ఇప్పుడెలా వస్తానండీ? పాలు చేపుకొచ్చి ఇది అల్లాడిపోయింది. చూడలేక, పుట్టగానే వేరుచేసి ఉంచిన పిల్లని దీనికే వదిలేశాం. ఒకసారి తన పిల్లని నాకి దగ్గరికి తీసుకున్నాక ఇంకోదాన్ని ముట్టనివ్వదు. తన్ని చంపేస్తుంది."

"అలా అనకన్నా! ఒక్కసారి ప్రయత్నిద్దాం."

బండివాడు తల అడ్డంగా ఊపాడు.

మేనేజరుకి దుఃఖం ముంచుకొచ్చింది. అది కోపంగా బయటికొచ్చింది.

"అక్కడ ఆకలికి ఏడుస్తోంది ఎవరి పిల్లనుకున్నావ్? దొరసాని పిల్ల! దాని ఒంట్లో ఉన్న రక్తం ఎలాంటిదో తెలుసా నీకు?"

బండివాడు నేల చూపులు చూశాడు. అతని భార్య మాత్రం ఊరుకోలేదు.

"రక్తం సంగతి మాకు తెలీదు బాబూ. దొరసాని తన పిల్లల్లో ఒక్కదానికీ చుక్క పాలివ్వలేదు. అందుకే అది చూడి కట్టినప్పుడల్లా పెద్దయ్యగారు దీనికీ చూడి కట్టించేవారు. బండి గుర్రం పాలంటే కొనేవాళ్ళు ముక్కు విరుస్తారని మమ్మల్ని నోరెత్తొద్దన్నారు."



ఆవిడ గుర్రం వైపు చూసి కళ్ళొత్తుకుంది.

"మీ గెలుపు గుర్రాలన్నిటికీ పాలిచ్చి పెంచిన తల్లి ఇదే బాబూ, తన కడుపున పుట్టినదానికి పాలివ్వడం మాత్రం ఇవాళే మొదలు."